జీవుల పేర్లలో మనుషులు: లాటిన్ స్మారక నామాల చరిత్ర

ఒక జీవజాతికి శాస్త్రజ్ఞులు పెట్టే లాటిన్ పేరులో రెండు మాటలుంటాయి. మొదటిది ప్రజాతి నామం, రెండోది జాతి నామం. చాలా పేర్లు ఆకు ఆకారాన్నో, పువ్వు రంగునో, జీవి దొరికిన చోటునో చెబుతాయి. కొన్ని మాత్రం ఎవరో ఒక మనిషిని తలచుకుంటూ పెట్టినవి. వీటిని స్మారక నామాలంటారు. స్మారక నామం జీవి గురించి దాదాపు ఏమీ చెప్పదు. ఆ పేరు పెట్టిన నాటికి ఎవరు ఎవరికి గురువు, ఎవరు ఎవరికి దొర, ఎవరి సాయం ఎవరికి అక్కరకొచ్చింది అన్న సంగతులు మాత్రం దానిలో నిలిచిపోతాయి. అందువల్ల ఈ పేర్ల చరిత్ర చాలావరకు వాటిని పెట్టిన సమాజాల చరిత్రే.

తొలి రోజులు

మొక్కలకు మనుషుల పేర్లు పెట్టడం యూరప్‌లో పాత అలవాటే. జెన్షియానా అనే చేదు మూలికకు ఇల్లిరియా రాజు జెన్షియస్ పేరు వచ్చిందని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. ఔషధ గుణాన్ని కనిపెట్టిన రాజుకో రాణికో ఆ మూలిక పేరును ముడిపెట్టడం అప్పటి పద్ధతి.

దీన్ని ఒక క్రమమైన ఆచారంగా మార్చింది ఫ్రెంచి సన్యాసి, వృక్షశాస్త్రవేత్త షార్ల్ ప్లుమియె (1646–1704). వెస్టిండీస్ దీవుల్లో తిరిగి కొత్త మొక్కలెన్నో సేకరించిన ఇతనికి వాటన్నిటికీ పేర్లు కావలసి వచ్చాయి. తన ముందుతరం, సమకాలీన వృక్షశాస్త్రవేత్తల పేర్లను ఆ ప్రజాతులకు పెట్టాడు. పియేర్ మాన్యోల్ పేరిట మాగ్నోలియా, జర్మన్ వైద్యుడు లియోన్‌హార్ట్ ఫుక్స్ పేరిట ఫుక్సియా, ఇటలీకి చెందిన ఆంద్రియా చెసాల్పినో పేరిట సీసాల్పినియా వచ్చాయి. తెలుగువారి పెరళ్లలో కనిపించే రత్నగంధి ఈ సీసాల్పినియా ప్రజాతిదే. చేల గట్ల మీద పెరిగే ముళ్ల గోరింట ప్రజాతి నామం బార్లేరియా కూడా ప్లుమియె పెట్టినదే. అది జాక్ బారెలియె అనే మరో ఫ్రెంచి సన్యాసి పేరు. తనకు అండగా నిలిచిన అధికారి మిషెల్ బెగాఁ పేరు బిగోనియాగా నిలిచింది. పండితులను గౌరవించడం, పోషకులకు కృతజ్ఞత చెప్పుకోవడం అనే రెండు ధోరణులూ ఈ ఆచారంలో మొదటి నుంచీ కలిసే ఉన్నాయి. ప్లుమియెకు తిరుగు గౌరవం కూడా దక్కింది. దేవగన్నేరు ప్రజాతికి ప్లుమేరియా అనే పేరు అతన్ని తలచుకుని పెట్టిందే.

లిన్నేయస్ నియమాలు

స్వీడన్‌కు చెందిన కార్ల్ లిన్నేయస్ ఈ ఆచారానికి కట్టుబాట్లు ఏర్పరిచాడు. 1737లో వచ్చిన ‘క్రిటికా బొటానికా’లో, ప్రజాతి నామాల్లో చోటు దక్కాల్సింది వృక్షశాస్త్రానికి సేవ చేసినవారికేనని తేల్చాడు. పుణ్యపురుషుల స్మరణ కోసమో, ఇతర విద్యల్లో పేరుపొందినవారి మెప్పు కోసమో ప్రజాతి నామాలను వాడుకోకూడదన్నాడు. వృక్షశాస్త్రాన్ని పోషించిన రాజులకు మినహాయింపు ఇచ్చాడు.

పేరుకూ మొక్కకూ ఏదో ఒక పోలిక ఉంటే గుర్తుంచుకోవడం తేలికని కూడా లిన్నేయస్ నమ్మాడు. దేవకాంచనం ఆకు రెండు తమ్మెలుగా చీలి ఉంటుంది. ఆ ప్రజాతికి బొహీనియా అనే పేరు సోదరులైన ఇద్దరు వృక్షశాస్త్రవేత్తలది. యోహాన్ బొహిన్, కాస్పర్ బొహిన్‌లకు ఆ జంట తమ్మెలను గుర్తుగా చూపాడు. కమ్మెలినా పువ్వులో రెండు రేకులు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, మూడోది చిన్నది. కమెలిన్ వంశంలో ఇద్దరు శాస్త్రంలో పేరు తెచ్చుకున్నారని, మూడోవాడు ఏమీ సాధించకుండానే పోయాడని దానికి వివరణ ఇచ్చాడు. తన పేరును మాత్రం తానే పెట్టుకోలేదు. ఉత్తరాది అడవుల్లో నేలకు అంటుకుని పాకే చిన్న మొక్కను ఎంచుకోగా, డచ్చి మిత్రుడు గ్రోనోవియస్ దానికి లిన్నేయా అని పేరు పెట్టాడు. కొత్త జీవికి ఎవరూ తమ పేరు తామే పెట్టుకోకూడదన్నది నేటికీ నియమావళిలో లేని మాటే, అయినా అలా పెట్టుకుంటే శాస్త్రజ్ఞులు చిన్నచూపు చూస్తారు.

1753లో వచ్చిన ‘స్పీషీస్ ప్లాంటారమ్’తో మొక్కలకు, 1758 నాటి ‘సిస్టమా నాచురే’ పదో కూర్పుతో జంతువులకు రెండు మాటల పేర్లు స్థిరపడ్డాయి. అంతకు ముందు జాతిని గుర్తించడానికి ఒక్కోసారి పది, పన్నెండు లాటిన్ మాటల వర్ణన రాయాల్సి వచ్చేది. ఆ వర్ణనకు బదులు ఒక్క మాట చాలన్నాక, ఆ మాట జీవిని వర్ణించి తీరాలన్న నిర్బంధం పోయింది. జాతి నామంలోనూ మనుషుల పేర్లకు దారి తెరుచుకుంది. 19వ శతాబ్దంలో వలసరాజ్యాల నుంచి నమూనాలు పెట్టెలకొద్దీ యూరప్ చేరడంతో ఈ తరహా పేర్లు వెల్లువెత్తాయి.

పేరు తయారయ్యే తీరు

శాస్త్రీయ నామం ఏ భాష నుంచి వచ్చినా దాన్ని లాటిన్ మాటగానే పరిగణిస్తారు. కనుక మనిషి పేరుకు లాటిన్ ప్రత్యయం చేరాలి. ఎక్కువగా వాడేది షష్ఠీ విభక్తి. పురుషుడైతే చివర ‘ఇ’, స్త్రీ అయితే ‘ఏ’, పలువురు పురుషులో స్త్రీపురుషులిద్దరూ కలిసో ఉంటే ‘ఓరమ్’, అందరూ స్త్రీలే అయితే ‘ఆరమ్’ వస్తాయి. వృక్షశాస్త్రంలో హల్లుతో ముగిసే పేరుకు ‘ఇయి’ చేరుతుంది, ‘ఎర్’తో ముగిస్తే ఒక్క ‘ఇ’ సరిపోతుంది. అందుకే రాక్స్‌బర్గ్ అనే వృక్షశాస్త్రవేత్త పేరు రాక్స్‌బర్ఘియి అవుతుంది, హుకర్ పేరు హుకెరి అవుతుంది. ఇంగ్లిషు వర్ణక్రమంలో అచ్చుతో ముగిసే బెడ్డోమ్ పేరు బెడ్డోమెయి అవుతుంది.

రెండో పద్ధతి, పేరును విశేషణంగా మార్చడం. అప్పుడది ప్రజాతి నామం లింగాన్ని అనుసరించి ‘ఇయానస్’, ‘ఇయానా’, ‘ఇయానమ్’ అని మారుతుంది. హిమాలయాల్లోని రెండు పైన్ చెట్లలో ఈ తేడా కనిపిస్తుంది. పైనస్ రాక్స్‌బర్ఘియి షష్ఠీ రూపం. పైనస్ వాలిచియానా విశేషణ రూపం. రాక్స్‌బర్గ్, నథానియెల్ వాలిచ్ ఇద్దరూ కలకత్తా వృక్షోద్యానానికి అధిపతులుగా పనిచేసినవారే.

మూడో పద్ధతిలో ప్రత్యయమేమీ లేకుండా పేరును ఉన్నదున్నట్టు పక్కన పెడతారు. దీన్ని జంతుశాస్త్ర నియమావళి తప్పు పట్టదు గానీ ప్రోత్సహించదు. జాతిని వర్ణించిన శాస్త్రజ్ఞుడి పేరును జాతి నామం పక్కనే రాయడం ఆనవాయితీ గనుక, ఏది జాతి నామమో ఏది రచయిత పేరో పాఠకుడు పొరబడే వీలుంటుంది. గుజరాత్‌లో దొరికిన ఒక దూకుడు సాలీడుకు మరెంగో సచిన్‌టెండూల్కర్ అని పెట్టిన పేరు ఈ కోవలోది.

కోరమాండల్ తీరంలో

18వ శతాబ్దం చివర ఈ ఆచారం తెలుగు నేల మీద ఎలా నడిచిందో చూస్తే దాని స్వభావం బాగా అర్థమవుతుంది. లిన్నేయస్ శిష్యుడు యోహాన్ గెర్‌హార్డ్ కోనిగ్ 1768లో డేనిష్ స్థావరం తరంగంబాడికి వైద్యుడిగా వచ్చాడు. తర్వాత ఆర్కాటు నవాబు కొలువులో, 1778 నుంచి ఈస్టిండియా కంపెనీ కొలువులో ప్రకృతిశాస్త్రవేత్తగా పనిచేశాడు. 1771లో లిన్నేయస్ కరివేపాకు చెట్టుకు బెర్గేరా కోనిగియి అని పేరు పెట్టి శిష్యుణ్ని గౌరవించాడు. అదే పుస్తకంలో కోనిగ్ సూచించిన మరో ప్రజాతి నామం ముర్రాయా కూడా అచ్చయింది. అది గోటింగెన్‌లో ఉన్న మరో లిన్నేయస్ శిష్యుడు యోహాన్ ఆండ్రియాస్ ముర్రే పేరు. 1825లో స్ప్రెంగెల్ కరివేపాకును ముర్రాయా ప్రజాతిలో చేర్చడంతో దాని పేరు ముర్రాయా కోనిగియి అయింది. కోనిగ్ గౌరవించిన మనిషి పేరూ కోనిగ్ పేరూ అలా ఒకే చెట్టుకు చేరాయి. ఇటీవలి జన్యు అధ్యయనాల దరిమిలా చాలామంది శాస్త్రజ్ఞులు తిరిగి బెర్గేరా వైపే మొగ్గుతున్నారు. ప్రజాతి ఎన్నిసార్లు మారినా కోనిగియి అన్న జాతి నామం మాత్రం వెంట వస్తూనే ఉంది.

కోనిగ్ 1785లో కాకినాడ దగ్గరి జగన్నాథపురంలో చనిపోయాడు. అతని స్థానంలో వచ్చిన పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో ఉంటూ పాములను, చేపలను అధ్యయనం చేశాడు. 1796లో వెలువడిన అతని సర్పగ్రంథంలో పాములకు లాటిన్ పేర్లు లేవు. స్థానికులు చెప్పిన తెలుగు పేర్లే ఉన్నాయి. రక్తపింజరిని అతను ‘కాటుకరేకుల పొడ’గా నమోదు చేశాడు. మరుసటి ఏడాది జార్జ్ షా ఆ పాముకు రస్సెల్ పేరు పెట్టాడు. నేడు దాని శాస్త్రీయ నామం డబోయియా రస్సెలియి. రస్సెల్ పేరులో ‘ఎల్’ అక్షరం రెండుసార్లు వస్తుంది. షా ఒక్కటే రాశాడు. జంతుశాస్త్ర నియమావళి మొదటి వర్ణనలోని వర్ణక్రమాన్ని కాపాడుతుంది గనుక అది అలాగే నిలిచిపోయింది. అదే పుస్తకంలో రస్సెల్ నమోదు చేసిన ‘బంగారు పాము’ అన్న పేరు నుంచి ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దోదాఁ కట్లపాముల ప్రజాతికి బంగారస్ అని పేరు పెట్టాడు. తెలుగు మాట శాస్త్రంలోకి చేరింది, దాన్ని చెప్పిన పాములవాళ్ల పేర్లు చేరలేదు.

రస్సెల్ సమకాలీనుడు విలియం రాక్స్‌బర్గ్ 1781 నుంచి సామర్లకోటలో ఉండి, స్థానిక చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు గీయించాడు. ‘ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్’ పేరిట వచ్చిన మూడు సంపుటాల్లో 300 చిత్రఫలకాలున్నాయి. 1793లో కలకత్తా వృక్షోద్యానానికి వెళ్లిన రాక్స్‌బర్గ్ పెట్టిన పేర్లలో మూడు రకాల బంధాలు కనిపిస్తాయి. ఎడిన్‌బరోలో తన గురువు జాన్ హోప్ పేరిట హోపియా గురుభక్తి. గవర్నర్ జనరల్ జాన్ షోర్ పేరిట షోరియా ప్రభుభక్తి. సాలవృక్షం ఈ ప్రజాతిలోనిదే. తర్వాత జార్జ్ డాన్ అదే ప్రజాతిలోని జాలరి చెట్టుకు షోరియా రాక్స్‌బర్ఘియి అని పేరు పెట్టడంతో తూర్పు కనుమల్లో పెరిగే ఒక చెట్టు మీద దొర, ఉద్యోగి ఇద్దరి పేర్లూ నిలిచాయి. మూడోది సాటి పండితుడి పట్ల గౌరవం. ఆసియాటిక్ సొసైటీ స్థాపకుడు విలియం జోన్స్ 1794లో మరణించాక అశోక వృక్షానికి రాక్స్‌బర్గ్ జోనీసియా అశోకా అని పేరు పెట్టాడు.

భారతీయ మొక్కలకు దేశీ పేర్లే ఉంచాలని జోన్స్ వాదించేవాడు. స్మారక నామాలను తోసిరాజని వాడుక పేర్లను నిలపాలన్న వాదం యూరప్‌లోనూ ఉంది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మిషెల్ అదాన్సన్ దాన్ని గట్టిగా వినిపించాడు. అయినా అతని పేరు కూడా ప్రజాతి నామంగా మారింది. గోల్కొండలో నయాఖిలాలోని భారీ చెట్టు, ‘హాథియాన్ కా ఝాడ్’గా ప్రసిద్ధమైన బావోబాబ్, అదాన్సోనియా ప్రజాతిదే.

కంపెనీ పాలన చివరి దశలోనూ తర్వాతా ఈ పేర్లు సైనిక, రెవెన్యూ, అటవీ ఉద్యోగుల వైపు మళ్లాయి. తెలుగు మొక్కల పేర్లను సేకరించి 1859లో ‘ఫ్లోరా ఆంధ్రికా’ వెలువరించిన వాల్టర్ ఎలియట్ పేరు, కడప–నెల్లూరు మధ్య కొండల్లో దొరికిన చెట్టెక్కే చుంచు వంటి చిన్న జంతువు అనథానా ఎలియోటిలో ఉంది. మద్రాసు అటవీశాఖ అధిపతి రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్ పేరు శేషాచలం కొండల్లో పెరిగే సైకాస్ బెడ్డోమెయిలో ఉంది. దాన్ని 1883లో డయర్ వర్ణించాడు. కడప జిల్లాలోని కలివికోడి కథ దీనికి భిన్నం. నెల్లూరులో వైద్యుడిగా పనిచేసిన జెర్డన్ పేరు దానికి ఇంగ్లిషులోనే ఉంది. 1848లో బ్లైత్ పెట్టిన లాటిన్ జాతి నామం బైటార్క్వేటస్ మెడ చుట్టూ ఉన్న రెండు పట్టీలను మాత్రమే చెబుతుంది. వాడుక పేరుకు నియమావళి ఉండదు, లాటిన్ పేరుకు ఉంటుంది. ఈ రెంటినీ కలిపి చూడకూడదు.

ముందు పెట్టిన పేరుదే హక్కు

ఒకే జీవికి ఇద్దరు వేర్వేరు పేర్లు పెడితే ముందు అచ్చయినదే చెల్లుతుంది. 1842లో బ్రిటన్‌లో స్ట్రిక్‌లాండ్ రూపొందించిన నియమాలు, 1867లో ఆల్ఫోన్స్ ద కాందోల్ వృక్షశాస్త్ర సూత్రాలు ఈ ప్రాథమ్య సూత్రాన్ని బలపరిచాయి. గౌరవం ఎంత గొప్పదైనా ఈ సూత్రం ముందు నిలవదు. అశోక వృక్షం ప్రజాతికి లిన్నేయస్ 1767లోనే సరాకా అని పేరు పెట్టి ఉన్నాడు. అందువల్ల జోనీసియా రద్దయి, చెట్టు సరాకా అశోకా అయింది. దేశీ పేర్లు కావాలన్న జోన్స్ పేరు పోయి, దేశీ పేరు మిగిలింది. విక్టోరియా మహారాణి గౌరవార్థం 1837లో జాన్ లిండ్లే ఒక భారీ నీటి కలువకు పెట్టిన విక్టోరియా రీజియా అనే పేరులో ప్రజాతి నామం నిలిచింది, ‘రాజసమైన’ అన్న జాతి నామం నిలవలేదు. 1832లోనే వచ్చిన అమెజోనికా దాని స్థానం తీసుకుంది.

ఒక ప్రజాతి నామాన్ని రెండుసార్లు వాడకూడదన్నది మరో నియమం. కాలిఫోర్నియా మహావృక్షానికి 1853లో లిండ్లే ఇంగ్లండ్ సేనాని పేరిట వెల్లింగ్టోనియా అని పెట్టాడు. అమెరికన్లు ఒప్పుకోక వాషింగ్టోనియా అన్నారు. వెల్లింగ్టోనియా అన్న పేరు అప్పటికే వేరే మొక్కకు వాడారు గనుక చెల్లలేదు. చివరికి ఆ చెట్టు సీక్వోయాడెండ్రాన్ ప్రజాతిగా స్థిరపడింది.

ఈ నియమాల ఫలితంగా, ఒకసారి సక్రమంగా అచ్చయిన పేరును అది తగినది కాదన్న కారణంతో తీసివేయడం సాధారణంగా కుదరదు. పేరు పొందిన మనిషి తర్వాత అపఖ్యాతి పాలైనా అది మారదు.

భారతీయుల పేర్లు

20వ శతాబ్దంలో వర్ణన చేసేవాళ్లు భారతీయులు కావడంతో పేర్లలోకి భారతీయులు ఎక్కువగా రాసాగారు. గోదావరి పరీవాహకంలోని కోటా శిలాస్తరాల్లో దొరికిన భారీ డైనోసార్‌కు 1975లో బారాపాసారస్ టాగోరెయి అని పేరు పెట్టారు. 1961లో, రవీంద్రనాథ్ టాగోర్ శతజయంతి సంవత్సరంలో, తొలి తవ్వకాలు జరగడమే దీనికి కారణం. దాని అస్థిపంజరం కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. అదే శిలాస్తరాల్లోని మరో డైనోసార్‌కు 1988లో యాదగిరి పెట్టిన కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అన్న పేరు మాత్రం మనిషిది కాదు, అది దొరికిన తెలంగాణ ఊరిది.

పక్షిశాస్త్రవేత్త సలీం అలీ పేరు ఒక గబ్బిలానికి ఉంది. 1948లో మధురై ప్రాంతపు కొండల్లో పట్టిన ఆ గబ్బిలాన్ని మొదట వేరే సాధారణ జాతిగా పొరబడ్డారు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ భాండాగారంలోని ఆ నమూనాను థాయ్‌లాండ్ శాస్త్రజ్ఞుడు కిట్టి థోంగ్‌లోంగ్యా పరిశీలించి, 1972లో లాటిడెన్స్ సలీమాలియి అని వర్ణించాడు. కణశాస్త్రవేత్త ఇ.కె. జానకి అమ్మాళ్ పేరు పశ్చిమ కనుమల బల్లి ద్రావిడోగెక్కో జానకియేకు 2019లో వచ్చింది. చివర ఉన్న ‘ఏ’ స్త్రీని సూచిస్తుంది.

భీమవరంలో పుట్టి అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనకు సారథ్యం వహించిన యల్లాప్రగడ సుబ్బారావు 1948లో మరణించారు. అదే సంస్థలో పనిచేసిన శిలీంధ్ర శాస్త్రజ్ఞుడు హెసెల్టీన్ 1953లో ఒక కొత్త శిలీంధ్ర ప్రజాతికి సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టాడు. బ్రతికి ఉండగా తగినంత గుర్తింపు దక్కని మనిషికి సహోద్యోగి ఇచ్చిన గౌరవం ఇది.

వేలం, విఖ్యాతి

శాస్త్రజ్ఞులు కానివారి పేర్లు పెట్టకూడదన్న లిన్నేయస్ మాట నేటి నియమావళుల్లో తప్పనిసరి నియమంగా లేదు. బంగారు రంగు వెంట్రుకలున్న ఆస్ట్రేలియా గుర్రపు ఈగకు 2011లో గాయని బియాన్సే పేరు పెట్టారు. ప్రకృతి చిత్రాల వ్యాఖ్యాత డేవిడ్ అటెన్‌బరో పేరు 50కి పైగా జీవులకు, శిలాజాలకు ఉంది. ఇలాంటి పేర్ల వల్ల పత్రికలు కొత్త జాతి వార్తను ప్రచురిస్తాయన్నది వర్గీకరణ శాస్త్రజ్ఞుల లెక్క.

పేరు పెట్టే అవకాశాన్ని అమ్మి పరిశోధనకూ సంరక్షణకూ నిధులు సమకూర్చుకోవడం మరో పద్ధతి. జర్మనీలో 1999లో ఏర్పడిన బయోపాట్ సంస్థ విరాళమిచ్చినవారికి ఈ అవకాశం కల్పిస్తోంది. 2005లో బొలీవియాలోని మదీదీ జాతీయోద్యానంలో దొరికిన ఒక చిన్న కోతి పేరును వేలం వేస్తే, ఇంటర్నెట్ జూద సంస్థ గోల్డెన్‌ప్యాలెస్ 6,50,000 డాలర్లు చెల్లించి గెలుచుకుంది. ఆ సంస్థ పేరే లాటిన్‌లో ఆరీపలాటియి అయింది. ఆ డబ్బు ఉద్యానం నిర్వహణకు వెళ్లింది.

మార్చాలా, వద్దా

స్లొవేనియా గుహల్లోని ఒక గుడ్డి పురుగుకు 1937లో ఆస్కార్ షైబెల్ అనాఫ్తాల్మస్ హిట్లెరి అని పేరు పెట్టాడు. నాజీ వస్తువులు పోగుచేసేవాళ్లు ఈ పురుగును వెతికి పట్టుకోవడం వల్ల దాని మనుగడకే ముప్పు వచ్చింది. అయినా పేరు మారలేదు. వలస పాలకుల, బానిస వ్యాపారుల పేర్లు కూడా ఇలాగే ఉన్నాయి. వీటిని తొలగించాలని కొందరు, ఏ పేరు నొప్పిస్తుందో తేల్చడం మొదలుపెడితే నామకరణ స్థిరత్వమే పోతుందని మరికొందరు వాదిస్తున్నారు.

జంతు నామకరణ అంతర్జాతీయ సంఘానికి చెందిన శాస్త్రజ్ఞులు 2023లో స్థిరత్వం వైపే నిలిచారు. అదే ఏడాది అమెరికన్ ఆర్నితాలజికల్ సొసైటీ తన పరిధిలోని పక్షుల ఇంగ్లిష్ పేర్లలో మనుషుల పేర్లను మారుస్తామని ప్రకటించింది. అది లాటిన్ పేర్లను ముట్టుకోలేదు. వృక్షశాస్త్రం ఒక అడుగు ముందుకు వేసింది. 2024 జూలైలో మాడ్రిడ్‌లో జరిగిన అంతర్జాతీయ వృక్షశాస్త్ర మహాసభలో, దక్షిణాఫ్రికాలో నల్లజాతివారిని కించపరిచే తిట్టు నుంచి వచ్చిన కాఫ్రా అన్న జాతి నామాన్ని ఆఫ్రాగా మార్చాలని ఓటింగ్ ద్వారా నిర్ణయించారు. 200కు పైగా పేర్లు దీనితో మారాయి. కాఫ్రా ఒక వ్యక్తి పేరు కాదు గనుక స్మారక నామాల మీద ఆ నిర్ణయం నేరుగా పనిచేయదు. కానీ 2026 నుంచి కొత్తగా వచ్చే పేరు ఏదైనా ఒక జనసమూహాన్ని కించపరిస్తే దాన్ని తిరస్కరించే వీలును అదే సభ కల్పించింది. పాత పేర్లకు ప్రాథమ్యం కవచంలా ఉంటే, ఇకపై వచ్చే స్మారక నామాలకు ముందుగానే ఒక వడపోత ఏర్పడినట్టే.